జేన్ ఆస్టెన్ చరిత్రము: వివాహమును ధనమును తూచిన రచయిత్రి

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకై ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితమును వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు, వీరులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు వ్రాయగల సమర్థులు మన గ్రామమున పెక్కురు కలరు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. నా చదువు కొంత బడిలోను, తక్కినది ఈ గ్రంథాలయపు బల్లల యొద్దను అబ్బినది. కావున లెక్క తెలిసిన ఒక రచయిత్రి జీవితమును ఎన్నుకొంటిని. ఆమె జేన్ ఆస్టెన్. ఇంగ్లండులో ఒక చిన్న గ్రామమున పుట్టి, నలువదియొక్క యేండ్లు జీవించి, ఆరు నవలలు పూర్తిచేసి, అవివాహితగానే కన్నుమూసిన ఈమె, వివాహమునకును ధనమునకును గల సంబంధమును ఎవరును చూపనంత స్పష్టముగా లోకమునకు చూపెను.

లెక్కలు వ్రాయు మావంటివారికి పెండ్లి యనగా మేళతాళములును తలంబ్రాలును మాత్రమే కాదు. ముహూర్తమునకు నెల ముందుగా దస్తావేజు వ్రాయించుకొనుటకు వచ్చు తండ్రి ముఖమును మేము చూతుము. మెరక అమ్మవలెనో, మాగాణి తాకట్టు పెట్టవలెనో తేల్చుకొనలేక అతడు అరుగుమీద చాలసేపు కూర్చుండును. ఆ దస్తావేజులో సర్వే నంబరు ఉండును, విస్తీర్ణము ఉండును, నలువైపుల హద్దులు ఉండును. ఎవరి పెండ్లికై ఆ భూమి పోవుచున్నదో ఆ పిల్ల మనసు మాత్రము ఉండదు. ఈ రెండింటిని ఒకే పుటపై వ్రాసినవారెవరైన కలరా యని నేను చాలకాలము వెదకితిని. మన కావ్యములలో స్వయంవరములు కలవు, గాంధర్వ వివాహములు కలవు. కాని దమయంతి పెండ్లికి భీమరాజునకు ఎంత వ్యయమైనదో ఏ కవియు చెప్పలేదు. శాకుంతలమున కణ్వమహర్షి కూతును అత్తవారింటికి పంపి, పరుల సొమ్మును భద్రముగా అప్పగించిన వానివలె తేలికపడెను. ఆ ఘట్టము చదివినపుడెల్ల, దాచియుంచిన ఆ సొమ్మునకు నోరున్నచో ఏమి పలుకునో యని నాకు తోచుచుండెడిది. జేన్ ఆస్టెన్ నవలలలో ఆ సొమ్మునకు నోరు వచ్చినది.

ఈమె 1775 డిసెంబరు 16వ తేదీన, దక్షిణ ఇంగ్లండు నందలి హాంప్‌షైరు మండలములో, స్టీవెంటన్ అను గ్రామమున జన్మించెను. తండ్రి జార్జి ఆస్టెన్ ఆ గ్రామపు చర్చికి మతాచార్యుడు. ఎనమండుగురు సంతానములో ఈమె ఏడవ బిడ్డ. అన్నదమ్ములు ఆరుగురు, అక్క కసాండ్రా ఒక్కతె. చర్చివలన వచ్చు రాబడి ఇంత సంసారమునకు చాలనందున, తండ్రి కొంత వ్యవసాయము చేసెను. పరుల పిల్లలను ఇంట నుంచుకొని చదువు చెప్పెను. వారు కూలినాలి చేయువారు కారు, భూస్వాములును కారు. భూస్వాముల యిండ్ల విందులకు వారితో సమానముగా పోవలెను, వారికి తగినట్లు దుస్తులు ధరింపవలెను. వెనుక మాత్రము ఆస్తి లేదు. పరువునకును రాబడికిని నడుమ గల ఆ యిరుకు సందులోనే జేన్ పెరిగెను. ఆమె కథలన్నియు ఆ సందులోనే నడచినవి.

ఒకే కడుపున పుట్టినవారి బ్రతుకులు ఎట్లు వేరుపడెనో చూడుడు. ఎడ్వర్డు అను అన్నను నైట్ అను ధనిక బంధువులు, తమకు సంతానము లేనందున, దత్తత చేసికొనిరి. అతడు కెంటులో గాడ్‌మర్షమ్, హాంప్‌షైరులో చాటన్ మొదలగు గొప్ప ఆస్తులకు అధిపతి యయ్యెను. జేమ్స్ తండ్రివలె మతాచార్యుడయ్యెను. హెన్రీ బ్యాంకు నడపెను. ఫ్రాన్సిస్, చార్లెస్ అను ఇరువురు నౌకాదళమున చేరి క్రమముగా సేనాధిపతుల పదవులందుకొనిరి. కొడుకులకు చర్చి యున్నది, ఓడ యున్నది, బ్యాంకు ఉన్నది. కూతుండ్రిరువురకు వివాహము తప్ప వేరు వృత్తి లేదు. వారికి బడిచదువు కొద్దికాలము మాత్రమే లభించినది. 1786 నాటికి అదియు ముగిసెను. అటుపిమ్మట తండ్రి గ్రంథములే జేన్‌కు గురువులు. పండ్రెండేండ్ల ప్రాయమునకే ఆమె ఇంటివారిని నవ్వించుటకై చిన్నచిన్న కథలు అల్లసాగెను.

ఆనాటి ఇంగ్లండు శాసనములను గూర్చి ఇచ్చట రెండు మాటలు చెప్పవలెను. లేకున్న ఆమె నవలలలోని చిక్కులు మనకు బోధపడవు. పెద్ద కుటుంబములలో భూమిని వాటాలుగా పంచుకొనెడివారు కారు. జ్యేష్ఠపుత్రునకే మొత్తము సంక్రమించునట్లు ముందుతరమువారు కట్టుబాటు వ్రాసియుంచెడివారు. కొడుకులు లేనిచో ఆ భూమి కూతుండ్రను దాటి దూరపు జ్ఞాతికి పోవచ్చును. మన ప్రాంతపు పెద్ద జమీందారీలలో నుండిన జ్యేష్ఠాధికారమును ఎరిగినవారికి ఇది వింత కాదు. కూతుండ్రకు నగదుగా కొంత సొమ్ము ఇచ్చెడివారు. ఆ సొమ్మును ప్రభుత్వ ఋణపత్రములలో నుంచిన, నూటికి నాలుగో అయిదో వడ్డి ఏటేట వచ్చును. స్త్రీ వివాహము చేసికొన్నంతనే, ముందుగా ఒడంబడిక వ్రాసికొననిచో, ఆమె నగదును సొత్తును భర్తపరమగును. వివాహము చేసికొననిచో అన్నదమ్ముల దయపై బ్రతుకవలెను. లేదా ధనికుల పిల్లలకు చదువు చెప్పుచు వారి యింట పనివారికిని చుట్టములకును నడుమ ఎటుగాని స్థితిలో ఉండవలెను.

ఈ శాసనముల బరువు మొదట అక్క కసాండ్రాపై పడెను. టామ్ ఫౌల్ అను యువ మతాచార్యునితో ఆమెకు వివాహము నిశ్చయమాయెను. ఇరువురకును ప్రేమ కలదు, పెద్దల సమ్మతి కలదు. సంసారము నడుపుటకు రాబడి మాత్రము లేదు. అతడు ఒక ప్రభువు సేనతో గురువుగా వెస్టిండీసు ద్వీపములకు పోయి, 1797లో పచ్చజ్వరముతో అచ్చటనే మరణించెను. అతడు తన మరణపత్రమున ఆమెకు వ్రాసిపోయిన వేయి పౌనులే ఆమెకు మిగిలినవి. కసాండ్రా మరల వివాహము తలపెట్టలేదు. జేన్ సంగతియు అట్టిదే. ఆమె ఇరువదవ యేట, పొరుగువారి బంధువై ఐర్లండునుండి వచ్చిన టామ్ లిఫ్రాయ్ అను యువకునితో నృత్యసభలలో చెలిమి కుదిరినది. అతడును కలిగినవాడు కాడు. అతనిపై ఆశలు పెట్టుకొన్న కుటుంబము పెద్దది. పెద్దలు అతనిని త్వరగా అచ్చటినుండి పంపివేసిరి. తరువాత అతడు ఐర్లండులో ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించెను. ఆమె నవలాకర్త్రి యయ్యెను.

ఆ దినములలోనే ఆమె ఒక నవలను పూర్తిచేసెను. 1797లో తండ్రి దానిని గూర్చి లండనులోని ఒక ప్రచురణకర్తకు వ్రాయగా, అతడు వ్రాతప్రతిని చూడకయే వలదని బదులు వ్రాసెను. 1801లో తండ్రి తన పని పెద్దకొడుకునకు అప్పగించి, భార్యను కూతుండ్రను వెంటబెట్టుకొని బాత్ నగరమునకు కాపురము మార్చెను. ఇంటి సామానుతోపాటు ఆయన గ్రంథములు ఐదు వందలకు పైబడినవి అమ్ముడుపోయినవి. ఆ గ్రంథముల నడుమ పెరిగిన పిల్లకు అది ఎట్టి నష్టమో గ్రంథాలయమును ప్రేమించు మనవంటివారు ఊహింపగలరు.

ఇక ఆమె జీవితమున ముఖ్యమైన రాత్రిని గూర్చి చెప్పెదను. 1802 డిసెంబరు 2వ తేదీన, అక్కాచెల్లెండ్రు హాంప్‌షైరులోని మానీడౌన్ భవనమున తమ స్నేహితురాండ్ర యింట అతిథులుగా నుండిరి. ఆ యింటి వారసుడు హ్యారిస్ బిగ్ విదర్, ఇరువదియొక్క యేండ్లవాడు, జేన్‌ను తనకు భార్యవు కమ్మని అడిగెను. ఆమెకు ఇరువదియేడవ యేడు నిండుటకు రెండు వారములు మాత్రమే యున్నది. ఆ సంబంధమును ఒప్పుకొన్నచో గొప్ప భవనము, విశాలమైన భూములు, వృద్ధులైన తల్లిదండ్రులకు ఆధారము, అక్కకు శాశ్వతమైన నీడ, అన్నియు ఒక్కమాటతో లభించును. ఆమె సరే యనెను. ఇల్లంతయు సంతోషించినది. తెల్లవారినంతనే ఆమె అతనితో తన మాటను వెనుకకు తీసికొనుచున్నానని చెప్పి, బండి కట్టించుకొని అక్కతో కూడ అచ్చటినుండి వెడలిపోయెను. ఆ రాత్రి ఆమె ఏమి తలచెనో మనకు తెలియదు. కాని లాభపక్షమున ఇన్ని అంకెలుండగా, నష్టపక్షమున ఒక్క మనసును వ్రాసి, అదే బరువైనదని ఆమె నిర్ణయించినది. మరల అట్టి అవకాశము ఆమెకు రాలేదు.

ఆ నిర్ణయపు వెల త్వరలోనే తెలిసినది. 1805 జనవరిలో తండ్రి మరణించెను. ఆయనతోడనే చర్చి రాబడియు పోయినది. తల్లికిని కసాండ్రాకును కలిపి యేటికి వచ్చునది సుమారు 210 పౌనులు. జేన్ పేర ఒక్క పౌనును లేదు. అన్నదమ్ములు తమలో తాము మాట్లాడుకొని, ఎడ్వర్డు నూరు, తక్కిన మువ్వురు తలకు ఏబది చొప్పున ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అన్నియు కూడగా యేటికి 460 పౌనులు. పస్తుండవలసిన స్థితి కాదు గాని, స్వంతమైన యిల్లు లేదు. బాత్ విడిచి కొంతకాలము సౌతాంప్టనులో ఫ్రాన్సిస్ కాపురముతో కలిసియుండిరి. ఈ సంవత్సరములలో జేన్ కలము దాదాపుగా కదలలేదు. 1803లో ఒక నవలను పది పౌనులకు అమ్మియుండెను. కొన్న ప్రచురణకర్త దానిని అచ్చువేయక మూల పడవేసెను.

1809లో ఎడ్వర్డు చాటన్ గ్రామమున తన యాస్తిలోని ఒక యింటిని తల్లికిని చెల్లెండ్రకును నివాసముగా ఇచ్చెను. దత్తత పోయిన అన్న ఆస్తి ఈ విధముగా ఆమెకు నీడయైనది. ఆ యింట ఒక చిన్న బల్లముందు కూర్చుండి ఆమె పాత వ్రాతలను దిద్దెను, క్రొత్తవి వ్రాసెను. ఎవరైన లోపలికి వచ్చునప్పుడు తలుపు కిర్రుమనుట విని కాగితములను దాచెడిదని మేనల్లుడు తరువాత వ్రాసిన చరిత్రమువలన తెలియుచున్నది.

ఇక ఆమె నవలలలోని లెక్కలను కొన్నింటిని పరికింతము. 1811లో వెలువడిన సెన్స్ అండ్ సెన్సిబిలిటీలో, మరణశయ్యపై నున్న తండ్రికి కొడుకు, సవతితల్లిని ముగ్గురు సవతి చెల్లెండ్రను ఆదుకొందునని మాట యిచ్చును. మూడు వేల పౌనులు ఇయ్యవలెనని మొదట తలచును. భార్య నయమున మాటలాడగా, అది సగమగును. పిమ్మట యేటికి నూరగును. ఆపై అప్పుడప్పుడు ఏబది యగును. తుదకు సామాను మోయించుటకు సాయమును, వేటాడిన పక్షులును చేపలును పంపుటయు చాలునని తేలును. ఒక్క అధ్యాయములో మూడు వేలు సున్న యగు ఆ తీసివేతను చదివినపుడు నేను పుస్తకము మూసి నవ్వితిని. పిమ్మట నవ్వు నిలువలేదు. అన్నదమ్ముల భాగపంపకములలో చెల్లెండ్ర పేర తీయబడిన సొమ్ము ఇట్లే కరగుటను చూడనివారెవరు?

1813లో వెలువడిన ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ ఆమె నవలలలో లోకమెల్ల ఎరిగినది. బెన్నెట్ అను గృహస్థునకు యేటికి రెండు వేల పౌనుల రాబడి కలదు. కూతుండ్రు అయిదుగురు, కొడుకులు లేరు. అతడు పోయినంతనే భూమి కాలిన్స్ అను జ్ఞాతికి చెందును. తల్లి సొమ్ము అయిదు వేలు; అయిదుగురికి పంచిన తలకు వేయి. నూటికి నాలుగు వడ్డి యైనచో యేటికి నలువది పౌనులు. ఆ కాలమున పొలము పనిచేయు కూలివాని యేడాది సంపాదన నలువది పౌనులకు మించుట అరుదు. అనగా గొప్పయింట పుట్టిన పిల్ల, తండ్రి కన్నుమూసినచో, రాబడిని బట్టి కూలివాని వరుసకు దిగును. ఆ తల్లి అల్లుండ్రకై పడు ఆరాటమును చూచి పాఠకులు నవ్వుదురు. లెక్క వేసినవాడు నవ్వలేడు. చిన్నకూతురు లిడియా వికామ్ అను వానితో లేచిపోగా, వానిచే తాళి కట్టించుటకు, అనగా వారి పద్ధతిలో చర్చికి తెచ్చుటకు, వేయికి మించిన వాని అప్పులు తీర్చి, మరి వేయి ఆమె పేర నుంచి, సేనలో ఉద్యోగము కొనియీయవలసి వచ్చినది. వరుని వెల ఎట్లు పెరుగునో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నవలలోనే షార్లెట్ లూకస్ అను ఒక స్త్రీ కలదు. ఆమెకు ఇరువదియేడేండ్లు, అందము లేదు, ధనము లేదు. తెలివి కలదు. మూఢుడైన కాలిన్స్ ఆమెను అడుగగా, అతనిని ప్రేమింపకయే, కన్నులు తెరచుకొనియే, ఒక యిల్లు దొరకునని అంగీకరించినది. మానీడౌన్ రాత్రి జేన్ వయస్సును ఇంచుమించుగా అంతే. తాను కాదన్న పనిని ఆ పాత్రచే ఔననిపించినది. అయినను ఆమె షార్లెట్‌ను ఎచ్చటను నిందింపలేదు; ఆమె కోళ్లను పెంచుకొనుచు, భర్తను తోటపనికి ప్రోత్సహించుచు, తన గదిలో తాను ప్రశాంతముగా నుండుటను చూపి ఊరకుండెను. ఇచ్చటనే ఈ రచయిత్రి గొప్పతనము నాకు గోచరించినది. తాను కష్టమైన త్రోవ తొక్కినను, తొక్కలేనివారిని చులకన చేయలేదు. తప్పు ఆ స్త్రీది కాదు. ఆమెకు ఇరువదియేడేండ్ల వయస్సున రెండే తలుపులు తెరచియుంచిన లోకముది.

తక్కిన నవలలలోను ఈ తూకమే కలదు. మాన్స్‌ఫీల్డ్ పార్కులో ముగ్గురు అక్కాచెల్లెండ్రలో ఒకతె ఏడు వేల పౌనులతో ప్రభువునకు భార్య యగును. వేరొకతె చదువును ధనమును లేని నావికసైనికుని వరించి లేమిలో పడును. ఆ ప్రభువు సంపదలో కొంత అంటిగ్వా ద్వీపమున బానిసల చెమటతో పండిన భూములనుండి వచ్చినదను సూచనయు అందు కలదు. ఎమ్మా అను కన్యకు ముప్పదివేల పౌనులు కలవు. అందుచేతనే తనకు పెండ్లి అక్కరలేదని ఆమె ధైర్యముగా అనగలదు. ఆ గ్రామముననే మిస్ బేట్స్ అను పేద అవివాహిత యుండును. ఎమ్మా ఒకనాడు వనవిహారమున ఆమెను ఎగతాళి చేయగా, నైట్లీ అను పెద్దమనిషి ఎమ్మాను మందలించును. ధనవంతురాలైనచో ఆ పరిహాసము చెల్లును గాని, లేమిలో నున్న దానిని నలుగురిలో కించపరచుట తగదని అతని భావము. పర్సుయేషన్‌లో ఆన్ అను యువతి పందొమ్మిదేండ్ల ప్రాయమున, పెద్దల మాట విని, ధనములేని నావికుని కాదనును. ఎనిమిదేండ్లకు అతడు ఇరువదియైదు వేల పౌనులు గడించి తిరిగివచ్చును. వారిరువురు మరల కలియుట సంతోషకరమే. పోయిన ఎనిమిదేండ్లను ఎవరును తిరిగి ఇయ్యలేరు.

మన దేశమున ఆ శతాబ్దమున సంగతి వేరొక తీరున నుండెను. ఇంగ్లండులో పిల్లతో ధనము పోయెడిది. మన ఉత్తరాంధ్రమున బ్రాహ్మణ కుటుంబములు కొన్నింటిలో పిల్లకు ధనము పుచ్చుకొనెడివారు. విజయనగర మహారాజు ఆనంద గజపతి ఈ కన్యాశుల్క వివాహములను లెక్కింపజేయగా, విశాఖపట్టణపు జిల్లాలో మూడేండ్లలో 1034 వివాహములు తేలినవి. అయిదేండ్లకు లోపలి పసికందులును అందు కలరు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. ఈ లెక్క ఆ గ్రంథపు పీఠికలోనే కలదు. సొమ్ము ఎటు ప్రవహించినను పిల్లను అడిగినవారు లేరు. నూరు ఉపన్యాసములు చేయలేని పని ఒక్క జాబితా చేసెను. హాంప్‌షైరు రచయిత్రియు విజయనగర కవియు ఒకరినొకరు ఎరుగరు. అయినను వెలను దాచక వ్రాసిననే సిగ్గు పుట్టునని ఇరువురును గ్రహించిరి.

జేన్ స్వంత రాబడి లెక్కను ఇపుడు చూతము. మొదటి నవలను తన నష్టమునకు తానే బాధ్యురాలై అచ్చువేయించెను; పేరు వేసికొనక, ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే ముద్రింపించెను. దానివలన 140 పౌనులు మిగిలినవి. రెండవ నవల సర్వహక్కులను 110 పౌనులకు అమ్మివేసెను. ఆమె కోరినది 150. ఆ గ్రంథమునకు తరువాత లోకమున కలిగిన గిరాకిని తలచిన, అంతకంటె నష్టపు బేరము సాహిత్యచరిత్రలో అరుదు. ఎమ్మా 1815 డిసెంబరులో వెలువడి, రాజప్రతినిధియైన యువరాజునకు అంకితమాయెను. కాని మాన్స్‌ఫీల్డ్ పార్కు రెండవ ముద్రణపు నష్టమును ఎమ్మా లాభమునుండి తీసివేయగా మొదట ఆమె చేతికి వచ్చినది 39 పౌనులకు లోపే. జీవితకాలమున వచ్చిన మొత్తము ఆరు, ఏడు వందల పౌనుల నడుమ నుండును. అందు ఆరువందలను నూటికి అయిదు వడ్డి గల నౌకాశాఖ ఋణపత్రములలో నుంచెను. యేటికి ముప్పది పౌనులు. డార్సీ అను ఆమె కథానాయకుని రాబడి యేటికి పదివేలు. ఆ ముప్పది మాత్రము తండ్రి యిచ్చినది కాదు, అన్న యిచ్చినది కాదు, భర్త యిచ్చినది కాదు. ఆ యింట తన కష్టముతో సంపాదించిన స్త్రీ ఆమె యొక్కతెయే.

ఆమె గ్రంథములు సామాన్యులు కొనదగినవి కావు. ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ మూడు సంపుటముల వెల పదునెనిమిది షిల్లింగులు. కూలివానికి వారము జీతమును మించినది. కావున నవలలను చందా గ్రంథాలయములనుండి తెచ్చుకొని చదివెడివారు. 1798లో స్టీవెంటన్ ప్రాంతమున అట్టి గ్రంథాలయమొకటి తెరువబడగా ఆస్టెన్ కుటుంబమును చందా కట్టినది. ఇంటి గ్రంథములు అమ్ముడుపోయిన ఆ రచయిత్రి పేరు ఊరూర నిలిచినది గ్రంథాలయముల వలననే యని మనము మరువరాదు.

1816 మార్చిలో హెన్రీ బ్యాంకు కూలిపోయినది. అన్నదమ్ములలో పలువురు నష్టపడిరి, అతడును ఫ్రాన్సిసును ఇచ్చు ఏబది ఏబది పౌనులు ఆగిపోయినవి. ఆ యేడే, మూలపడియున్న పాత నవలను పది పౌనులిచ్చి ఆమె తిరిగి కొనుక్కొనెను. ఆ వేళకే ఆరోగ్యము చెడినది. 1817 మార్చిలో ధనికుడైన మేనమామ మరణించెను. తల్లికి కొంత లభించునని అందరు ఆశించిరి. అతడు ముందుగా సమస్తమును భార్యకే వ్రాసెను. ఆ వార్తతో జేన్ జబ్బు మరింత ముదిరినది. జీవితమంతయు ఆస్తిపత్రములను గూర్చి వ్రాసిన స్త్రీని చివరకు ఒక ఆస్తిపత్రమే క్రుంగదీసినది. ఏప్రిలు 27న ఆమె తన మరణపత్రమును వ్రాసికొనెను. హెన్రీకి ఏబది పౌనులు, హెన్రీ యింట చిరకాలము సేవచేసి, అతని బ్యాంకు పతనమున నష్టపడిన వృద్ధురాలగు ఫ్రెంచి సేవకురాలికి ఏబది పౌనులు, తక్కినదంతయు అక్కకు. ఎవరికి ఎంత బాకీయున్నదో ఆమె మరువలేదు. వైద్యమునకై వించెస్టరు పోయి, 1817 జూలై 18న అక్క యొడిలో తలయుంచి కన్నుమూసెను. ఆ పట్టణపు ప్రధాన దేవాలయమున సమాధి చేసిరి. సమాధిరాతిపై ఆమె సుగుణములు చెక్కబడినవి. ఆమె నవలలు వ్రాసెనను మాట లేదు. ఆ సంవత్సరాంతమున పర్సుయేషన్‌ను, తిరిగి కొన్న పాత నవలను అచ్చువేయించి, హెన్రీ ఆమె పేరును లోకమునకు తెలిపెను.

1870, 1882 సంవత్సరముల శాసనములచే ఇంగ్లండులో వివాహిత స్త్రీకి తన సొమ్ముపై హక్కు కలిగినది. మన దేశమున 1956లో హిందూ వారసత్వ శాసనమును, 1961లో వరకట్న నిషేధ శాసనమును వచ్చినవి. అవివాహితలగు కూతుండ్రకు ఉమ్మడి యాస్తిలో కొడుకులతో సమభాగము నిచ్చు శాసనమును ఆంధ్రప్రదేశము 1986లో చేసెను. 2005లో ఆ సమభాగము దేశమంతట కూతుండ్రందరకు వ్యాపించెను. శాసనములు వచ్చినవి. అరుగుమీద కూర్చుండు తండ్రి మాత్రము ఇంకను లేచిపోలేదు. నేను వ్రాయు లెక్కలలో కూతునకు భాగము వ్రాయుడని వచ్చినవారికంటె, కూతుచే హక్కు వదలుకొన్నట్లు సంతకము పెట్టింపుడని వచ్చినవారే ఎక్కువ.

2017లో, ఆమె మరణించి రెండువందల యేండ్లు నిండినపుడు, ఇంగ్లండు బ్యాంకువారు ఆమె చిత్రమును ఒక నోటుపై ముద్రించిరి. ఆ నోటు వెల పది పౌనులు. తన నవలను మొదట అమ్మినపుడు ఆమెకు ముట్టినదియు, తిరిగి కొన్నపుడు ఆమె చెల్లించినదియు అంతే సొమ్ము.

ఈ గ్రంథాలయమునకు వచ్చు ఆడపిల్లలు ఈమె నవలలను చదువవలెనని నా కోరిక. వారి తండ్రులు అంతకు ముందే చదువవలెనని మరింత కోరిక. పెండ్లి లెక్క వ్రాయునపుడు, నగదునకును నగలకును భూమికిని పిమ్మట, ఒక వరుస ఖాళీగా విడిచి, అందు పిల్ల యభిప్రాయమును ఆమెనే అడిగి వ్రాయుదురు గాక. ఆ వరుస నిండనిదే ఏ లెక్కయు సరిపోలదు.